కుచ్చుకీ కుచ్చిళ్ళకీ మధ్య

మా ఆయన బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఆర్డర్లు తగ్గిపోయాయని ఒకరోజు ఆయన షిఫ్టునే ఎత్తేశారు. మళ్ళీ పిలుస్తామన్నారట. ఆ ‘మళ్ళీ’ని పట్టుకుని ఆయన ఇంట్లో కూర్చున్నారు. ఎవరడిగినా ‘రజలో ఉండాను’ అనేవారు. రజ అంటే సెలవు. తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్ళం మేము. ఇలాంటి మాటలు కన్నడం నుంచి అడిగి తెచ్చుకుని తిరిగి ఇవ్వడం మరచిపోయాం.

సెలవన్నాక ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి కదా. అనంతపురం వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్‌కు ఆ సంగతి తెలుసు. కనబడినప్పుడల్లా ‘రజ ఇంకా అయిపోలేదా అన్నా?’ అని పలకరించేవాడు. పాపం, ప్రేమగానే అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి ఈయన పాల ప్యాకెట్టుకు కూడా కిందికి దిగడం మానేశారు. నా బెంగంతా అదే. ఖర్చులు ఎలాగో తగ్గించుకోవచ్చు. మనిషే గడప దాటనంటే ఏం చెయ్యాలి?

ఇల్లు గడవడానికి నా పాత సరదా ఒకటి అక్కరకొచ్చింది. పట్టుచీరల దుకాణాలుండే బళేపేటలో పెరిగినదాన్ని, పూసలూ పట్టుదారాలూ నాకు చిన్నప్పటి నుంచీ చేతిలో ఆటవస్తువులు. పట్టుచీర కొంగు చివర వేలాడే పోగుల్ని ముడివేసి, పూసలు గుచ్చి కుచ్చు కట్టడం నాకు మహా ఇష్టం. టీవీ చూస్తూ, ఫోనులో చుట్టాల మీద చాడీలు వింటూ చేసుకోదగ్గ పని. షిఫ్టు ఉన్న రోజుల్లో ఈయన దాన్ని ‘నీ వేళ్ళ దురద’ అనేవారు. ఇప్పుడా దురదే కరెంటు బిల్లు కడుతోంది గనక ఆ మాట అనడం మానేశారు.

ఆయనకూ ఒక సరదా ఉంది. సరదా అంటే ఒప్పుకోరు, క్రమశిక్షణ అంటారు. ఇస్త్రీ చెయ్యడం. ఫ్యాక్టరీ యూనిఫాం ప్యాంటుకు ఆయన పెట్టుకునే మడత చూస్తే వేలు తెగుతుందేమో అనిపించేది. యూనిఫాంతో పని లేకపోయేసరికి రుమాళ్ళ మీద పడ్డారు. తర్వాత దిండు గలీబులు. చివరికి వంటింటి మసిగుడ్డను కూడా నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, బీరువాలో చీరల పక్కన పెట్టేశారు. పొయ్యి మీద గిన్నె దించాలంటే నేను బీరువా తెరవాల్సి వచ్చేది. కోపం వచ్చేది గానీ ఏమీ అనలేకపోయేదాన్ని. ఆయన చేతికి ఇంకేం పని ఉంది గనక?

అలా ఉండగా పై అంతస్తులో అద్దెకుంటున్న అమ్మాయి ఒక పట్టుచీర పట్టుకుని వచ్చింది. గుంటూరు పిల్ల, ఐటీ ఉద్యోగం. ఆదివారం తన నిశ్చితార్థమని చెప్పింది. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో నా గురించి రాస్తే చూసిందట.

“ఆంటీ, మీరు కుచ్చిళ్ళు పెట్టి ఇస్తారంట కదా,” అంది.

అవునన్నాను. అంతలో ఆమెకు ఫోను మోగింది. ఏదో మీటింగట, చీర నా చేతిలో పెట్టి పరిగెత్తింది.

కుచ్చిళ్ళు అనే మాట నేను అంతకుముందు పెద్దగా పట్టించుకోలేదు. ఆ వైపు వాళ్ళు మాటను కాస్త సాగదీసి ముద్దు చేస్తారు కదా, మా కుచ్చునే గౌరవంగా అలా అంటున్నారు కాబోలు అనుకున్నాను. ఆ గౌరవానికి తగ్గట్టు మామూలుకన్నా ఎక్కువ పూసలు వేసి, మనసుపెట్టి కట్టాను.

ఆదివారం పొద్దున్నే వచ్చింది. కొంగు చూసి కళ్ళు పెద్దవి చేసింది. చాలా బావుందని మెచ్చుకుంది. తర్వాత చీర మొత్తం విప్పి అటూ ఇటూ తిప్పి, మరి కుచ్చిళ్ళేవని అడిగింది. నేను పూసలు చూపించాను. ఆమె పూసల వంకా నా వంకా మార్చి మార్చి చూసి, నడుము దగ్గర గాలిలోనే వేళ్ళతో మడతలు పెట్టి చూపించింది.

అప్పుడు అర్థమైంది. చీర ముందు వైపు పెట్టుకునే మడతలు! వాటిని మా ఇంట్లో నెరిగెలంటాం. అదీ కన్నడం మాటే. గ్రూపులో ‘కుచ్చు’ అని చదివి ఆమె కుచ్చిళ్ళనుకుంది, ఆమె కుచ్చిళ్ళంటే నేను కుచ్చనుకున్నాను. ఇద్దరమూ శుభ్రంగా తెలుగే మాట్లాడుకున్నాం.

చీర కట్టడం ఆమెకు రాదట. అమ్మానాన్నలు రైలు దిగి నేరుగా హాలుకు వస్తున్నారట. కుచ్చిళ్ళు ముందే మడిచి ఇస్తే చాలని అప్పటిదాకా ధైర్యంగా ఉంది. ఆ ధైర్యం కాస్తా పోయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా నెరిగెల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, నా పెళ్ళిలోనూ వేరేవాళ్ళే పెట్టారు.

లోపల్నుంచి ఈయన వచ్చారు. చీర అందుకుని బల్ల మీద దుప్పటి పరిచారు. ఆ అమ్మాయి నడుమూ పొడుగూ కొలిచి చెప్పమని నాకు పని పురమాయించారు. మడత మీద మడత వేసి, బట్టలారేసే క్లిప్పులు బిగించి, పైన పలచటి నూలుగుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టెను నిదానంగా నడిపించారు. కొంగుకీ అంతే. ఆ యూనిఫాం ప్యాంటు మడతే ఇప్పుడు పట్టు మీద దిగింది. కట్టి చూస్తే ఒక్క మడతా పక్కకు జరగలేదు.

“అంకుల్, మీరు చేసేది ఇదేనా?” అని అడిగింది ఆ అమ్మాయి సంబరంగా.

ఆయన నా వైపు చూశారు. ‘రజ’ నాలుక చివరిదాకా వచ్చిందని నాకు తెలుసు. కారులో ముందుకు జారి కూర్చోవద్దమ్మా అని మాత్రం చెప్పారు.

ఆ వారంలోనే ఆమె స్నేహితురాలు గేటు దగ్గర ఆటోలో ఆగి, కుచ్చిళ్ళకు చీర తెచ్చానని ఫోను చేసింది. నా చేతులు దారాల్లో చిక్కుకుని ఉన్నాయి. ఆయన కాసేపు తటపటాయించి, చొక్కా సరిచేసుకుని కిందికి దిగారు. నేను దారాలు వదిలేసి బాల్కనీలోకి పరిగెత్తాను.

వాచ్‌మన్ ఆ ప్రశ్న అడగనే అడిగాడు.

“అయిపోయిందప్పా,” అన్నారు ఈయన, చీర సంచి చంకలో పెట్టుకుని. “ఇప్పుడు డ్యూటీలో ఉండాను.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన పైకి వచ్చేలోపు మొహం తుడుచుకున్నాను. వచ్చీ రాగానే బల్ల మీద దుప్పటి పరుస్తూ అన్నారు: “డ్యూటీలో ఉండేవాళ్ళకు మధ్యలో టీ ఇస్తారు మే, తెలుసునా?”

ఫ్యాక్టరీ పోయినా దర్జా పోలేదు అని గొణుక్కుంటూ టీ పెట్టాను. గిన్నె దించడానికి మసిగుడ్డ కోసం వెళ్ళి బీరువా తెరిచాను.