రాజుగారిని అరెస్టు చేయబోయిన ఆఫీసు

ఓజెలాబి మొహం మొదటిసారి చూసినప్పుడు నేను జడుసుకున్నాను. నుదుటి నుంచి గడ్డం దాకా మశూచి గుంటలే. చిన్నప్పుడు ఆ జబ్బు వాళ్లింట్లో ఐదుగురిని మింగి ఈయనొక్కణ్ణే వదిలింది. నేనిలా ఆ జబ్బు పేరు పెట్టి చెబుతున్నాను గానీ, మా యోరుబా పల్లెల్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు. 'రాజుగారు వచ్చారు' అంటారు. రాజుగారు ఎవరినైనా తీసుకెళ్తే ఏడవకూడదు, డప్పు కొట్టకూడదు. 'సంతోషం స్వామీ' అని దణ్ణం పెట్టాలి. ఏడిస్తే మిగతావాళ్ల కోసం మళ్లీ వస్తాడు.

ఆ మొహం చూసే ఆరోగ్య శాఖవాళ్లు ఆయన్ని టీకాల ఉద్యోగంలోకి తీసుకున్నారని కొందరంటారు. అంత తెలివి వాళ్లకుందని నేననుకోను. జనం మాత్రం ఆ మొహం చూసే చేయి చాపేవారు. చేతి మీద గీకి మందు వేస్తాడని పిల్లలు "గీకుడు తాతా, గీకుడు తాతా" అని వెక్కిరిస్తూ వెంటపడేవారు. పద్దెనిమిదేళ్లు, కోతలు కాగానే టీకా మందు కుండ నెత్తిన పెట్టుకుని ఊరూరా నడిచాడాయన. ప్రతి ఊరి పొలిమేరలోనూ కాసేపు నిలబడి వినేవాడు. డప్పు మోగకపోతే, ఎవరినీ అడగకుండానే సంగతి గ్రహించేవాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆరోగ్య శాఖ ఆఫీసు వరండా ఎదురుగానే నా ఎకో అంగడి. మొక్కజొన్న పిండి ఉడికించి ఆకుల్లో చుట్టి అమ్ముతాను. పల్లెల నుంచి రాగానే నా దగ్గర రెండు పొట్లాలు తింటేగానీ ఆయన లోపలికి వెళ్లేవాడు కాదు. నా కూతురు రమోతాకు ఓకె అకో అనే ఊళ్లో సంబంధం చూసిపెట్టిందీ ఆయనే.

కోకో ధర పడిపోయిన ఏడాది లాగోస్ నుంచి కొత్త పెద్ద డాక్టరు దిగాడు, చంకలో ఖర్చు తగ్గించే కాగితాలు పెట్టుకుని. అందరినీ వరండాలో నిలబెట్టి ఇంగ్లీషులో చెప్పాడు. గుమాస్తా కోకర్ దాన్ని మా భాషలోకి మార్చాడు. కోకర్ లాగోస్‌లో పుట్టి మిషన్ బడిలో పెరిగిన మనిషి. మా భాష మాట్లాడతాడు గానీ, ఆ మాటలకు మట్టి అంటి ఉండదు.

"టీకాలవాళ్లు ఆరుగురు దండగ. జబ్బు లేని ఊళ్లకు తిరగడం ఇంకా దండగ. ఇకమీదట జబ్బు వస్తే ఊరిపెద్ద ఇంగ్లీషులో ఉత్తరం రాయిస్తాడు. ఉత్తరం వస్తే ఒక మనిషి వెళ్తాడు."

ఆ ఒక్క మనిషికీ ఇంగ్లీషు రాయడం రావాలట. అంటే కోకరే. గుమాస్తా, ఇళ్లు తనిఖీ చేసేవాడు, టీకాలవాడు, ముగ్గురూ ఒక్కడే అయ్యాడు. ఆరుగురినీ ఇంటికి పంపారు. డాక్టరు కారు మాత్రం ఉంది. దాని డ్రైవరూ ఉన్నాడు, దాన్ని రోజూ కడిగేవాడూ ఉన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఓజెలాబి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "దొరగారూ, జబ్బొచ్చాక టీకా ఏంటండీ? ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు! ఈసారి ఓకె అకో వంతు. పోయినేటి నుంచి పుట్టిన పిల్లల్లో ఒక్కరికీ టీకా పడలేదు. అదొక్కటి చేసి పోతానండీ, జీతం కూడా వద్దు."

ఇంత మాటనూ కోకర్ ఒక్క ముక్కలో తేల్చేశాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

"ఉత్తరం లేనిదే మందు లేదట," అన్నాడు కోకర్.

ఆ ఊళ్లోనే నా మనవడు బుసారి ఉన్నాడు. అప్పటికి వాడికి మూడు నెలలు.

రెండు నెలలు గడిచాయి. ఓజెలాబి ఇంటి దగ్గర తాళ్లు పేనుకుంటూ బతుకుతున్నాడు. ఒకరోజు గర్బా అనే పోలీసు నా అంగట్లో తినడానికి కూర్చున్నాడు. ఉత్తరాది హౌసా మనిషి, మా భాష అంతంతమాత్రం. తింటూ తింటూ తిట్టుకుంటున్నాడు.

"మీ వాళ్లకు పిచ్చి పట్టిందమ్మా. ఎవడో రాజు దిగాడు, పట్టుకు రమ్మని పంపారు. రోజున్నర నడిచి పోయామా, రాజూ లేడు, గుర్రమూ లేదు. ఎక్కడా అంటే ఒక ముసలమ్మ 'లోపలి గదిలో ఉన్నాడు, వెళ్లి చూడు నాయనా' అంటుంది. గది నిండా జ్వరంతో మూలుగుతున్న మనుషులే. నలుగురిని తీసుకెళ్లాడట, అందుకు అందరికీ సంతోషమట!"

గరిటె పక్కన పెట్టేశాను. "ఏ ఊరు బాబూ?"

"ఓకె అకో."

అంగడి అలాగే వదిలేసి ఓజెలాబి ఇంటికి పరుగెత్తాను. ఆయన తాడు కింద పడేసి లేచాడు. ఇద్దరం కోకర్ బల్ల ముందుకు వెళ్లి నిలబడ్డాం.

"కోకర్ బాబూ, ఓకె అకో నుంచి ఉత్తరం వచ్చిందా?"

"వచ్చింది, ఎనిమిది రోజులైంది. అది జబ్బు ఉత్తరం కాదు. ఎవడో దొంగ రాజు దిగి మనుషుల్ని ఎత్తుకుపోతున్నాడట. పోలీసుల పని కదా, జిల్లా ఆఫీసుకు పంపించాను."

"అందులో ఏం రాశారు? ఉన్నదున్నట్టు చెప్పు."

కోకర్ నకలు తీసి చదివాడు. "రాజుగారు మా ఊరికి విచ్చేశారు. నలుగురిని తీసుకెళ్లారు. మేము సంతోషిస్తున్నాము. దయచేసి త్వరగా రండి."

ఊరిపెద్ద చెప్పింది చెప్పినట్టు అక్కడి చర్చి పంతులు ఇంగ్లీషులో పెట్టాడు. ఏసును నమ్మినా, ఆ పేరు రాయడానికి ఆయనకూ చెయ్యి రాలేదు.

"నువ్వు ఏ దేశంలో పుట్టావయ్యా?" అన్నాడు ఓజెలాబి. "రాజుగారంటే ఎవరో మీ అమ్మ చెప్పలేదూ?" తన మొహం మీద వేలు పెట్టి చూపించాడు.

కోకర్‌కు అప్పుడు తెలిసింది. తెలిశాకైనా బల్ల దగ్గర నుంచి లేచాడా అంటే లేవలేదు.

"డాక్టరుగారు టూర్లో ఉన్నారు. ఉత్తరంలో జబ్బు పేరు లేదు. పేరు లేకుండా మందు ఇస్తే నా ఉద్యోగం పోతుంది. పైగా నువ్విప్పుడు మా మనిషివి కాదు."

ఓజెలాబి మూలకు వెళ్లి, తడిగుడ్డ చుట్టిన మందు కుండ ఎత్తుకున్నాడు.

"అది దొంగతనం!" అని అరిచాడు కోకర్.

"రాసుకో. ఇంగ్లీషులోనే రాసుకో."

రాత్రి ఒక్క కునుకు తీసి రోజున్నర నడిచాం. దారంతా ఆయన కుండ మీద నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాడు. ఓకె అకో పొలిమేరలో ఆగి విన్నాడు. నాకూ వినిపించింది, ఏమీ వినిపించకపోవడం.

రమోతా వాకిట్లోనే ఉంది. వంటి మీద రాజుగారి కోసం కట్టిన ఎర్రటి గుడ్డ, కళ్లలో తడి లేదు. నా చేతులు పట్టుకుంది.

"అమ్మా, నిన్న పొద్దున రాజుగారు మన బుసారిని తీసుకెళ్లారు. సంతోషమని చెప్పమ్మా."

నేను ఓజెలాబి వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. చుట్టూ గుమ్మాల్లో తల్లులు పిల్లల్ని పొదువుకుని నా నోటికేసే చూస్తున్నారు.

"సంతోషం స్వామీ," అన్నాను.

ఆ రోజూ మర్నాడూ ఓజెలాబి తల ఎత్తలేదు. గీకుతూనే ఉన్నాడు. నేను పరాయివాళ్ల పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని చేతులు కదలకుండా పట్టుకున్నాను. ఐదు నెలల పిల్లలు ఇద్దరున్నారు వాళ్లలో. కుండలోని గొట్టాల్లో మందు అయిపోయేసరికి ఊళ్లో టీకా పడని పిల్లాడు లేడు.

తిరిగి వచ్చేసరికి పోలీసులు మా పేట మొదట్లోనే కాచుకుని ఉన్నారు. ఓజెలాబికి దొంగతనం కింద ఆరు నెలలు వేశారు. పద్దెనిమిదేళ్లు చేసిన కొలువు సంగతి ఎవరూ అడగలేదు.

శిక్ష పడిన రోజు నేను అంగడి తెరవలేదు. తిన్నగా ఆఫీసుకు వెళ్లాను. డాక్టరు బల్ల దగ్గర కూర్చుని ఏడాది లెక్క చూసుకుంటున్నాడు. కోకర్ చదివి వినిపిస్తున్నాడు. ఓకె అకో పేరు వచ్చినప్పుడు, జబ్బు ఉత్తరాలు ఏమీ లేవన్నాడు. మా వాడు ఆ కాగితంలో చచ్చిపోనే లేదు.

ఓకె అకోలో మింగిన ఏడుపంతా అప్పుడు తన్నుకొచ్చింది. వరండాలో కూలబడి, గుండెలు బాదుకుని, బుసారీ అని వాడి పేరు పెట్టి ఏడ్చాను. బజారు బజారంతా వచ్చి నిలబడింది.

కోకర్ పరుగున వచ్చి వంగి, "అమ్మా, ఇక్కడ ఏడవకూడదు. దొరగారికి కోపం వస్తుంది," అన్నాడు.

"రానియ్యి," అన్నాను. "ఇంక మా ఇంట్లో తీసుకెళ్లడానికి పిల్లలెవరూ లేరు."