ఒక పెద్ద మిషనా, రెండు మామూలువా

పోయిన వారం కాకినాడలో ఒక కంప్యూటర్ల షాపుకి వెళ్లేను. ఇంట్లో ఉన్నది మరీ ముసలిదైపోయి, ఫొటో తెరవమంటే మూలుగుతోంది. కౌంటర్లో ఉన్నమ్మాయి నేను చేసే పని వివరాలన్నీ శ్రద్ధగా విని, "మేడమ్, మీకు మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ చాలాండీ, లేకపోతే వర్క్‌స్టేషన్‌ది చూపించమంటారా?" అని అడిగింది. నాకు ఆపుకోలేనంత నవ్వొచ్చింది. ఆ పిల్ల పాపం, తనేదో అనరాని మాట అనేసినట్టు బిక్కమొహం వేసింది. నీ తప్పేం లేదమ్మా, సరిగ్గా ఇదే ప్రశ్న మీద ఇరవై ఏళ్ల కిందట అమలాపురంలో మా మావయ్య గారింట్లో పది రోజుల పాటు ఎవరికీ అన్నం సహించలేదు అన్నాను. ఆ అమ్మాయి నవ్వాలో, మేనేజర్ని పిలవాలో తెలీక నిలబడిపోయింది.

మావయ్యంటే మా అమ్మకి తమ్ముడు. రెండువేల దశకం మొదట్లో అమలాపురంలో ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. నేను బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తుంటే, "ఖాళీగా ఎందుకే కోడలా, మన స్టూడియోలో కూర్చో" అని తీసుకొచ్చి పెట్టుకున్నాడు. పేరుకి ఫొటో స్టూడియోయే గానీ అసలు పని పెళ్లి వీడియోలు. ఉప్పలగుప్తం నుంచి రాజోలు దాకా మావయ్య లైటు పడని పందిరి లేదు. ఆ లైటు వేడికి పురోహితుడు గారు మంత్రం మధ్యలో ఆగి, "బాబ్బాబు, కాస్త అటు తిప్పండీ" అని బతిమాలేవారు. చర్చిలో పెళ్లయితే పాస్టరు గారు ముందే కబురు పెట్టేవారు, లైటు కొంచెం వెనకాల పెట్టుకోమని. మావయ్యకి ఎఫెక్టులంటే ప్రాణం. పెళ్లికూతుర్ని గులాబీ పువ్వులోంచి పుట్టించడం, పెళ్లికొడుకుని ఏడుగుర్ని చేసి వరసగా నడిపించడం ఆయనకి ఎడమచేతి పని. కానీ ఆయన జీవితాశయం వేరే ఉంది. తెరమీద ఒక కొబ్బరిబొండం గిర్రున తిరుగుతూ రావాలి, కత్తి పడాలి, బొండం రెండుగా విడిపోయి అందులోంచి దంపతులు నమస్కారం పెడుతూ లేవాలి. మా పాత కంప్యూటర్లో బొండం తిరగడం దాకా వచ్చేది. కత్తి పడగానే మిషను ఆగిపోయేది.

ఇంక మిక్సింగ్. తీసిన టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, అక్కర్లేనివి కోసి, పాటలు వేసి, సీడీలుగా చేసే పనిని మావాళ్లు మిక్సింగ్ అనేవారు. మిషను ముందు కుర్చీలో మావయ్య, వెనకాల స్టూలు మీద మా అత్తయ్య. మౌసు మావయ్య చేతిలో ఉండేది, కళ్లు అత్తయ్యవి. "అక్కడ కొయ్యండి. అది కాదండీ, పెద్దావిడ కళ్లు తుడుచుకున్నాక" అని మెల్లిగా చెపుతుండేది. ఏ టేపులో ఏ మూల ఎవరు నవ్వేరో ఆవిడకి కంఠతా వచ్చు. అంతా కోసి కుట్టేక రెండరింగ్ పెట్టాలి, అంటే ఆ ముక్కలన్నిటినీ కలిపి మిషను ఒకే సినిమాగా వండాలన్నమాట. మూడు గంటల పెళ్లికి మా పాతదానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. అది వండుతున్నంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

అలాగే ఒక పెళ్లి మా పరువు తీసింది. ఉప్పలగుప్తం దగ్గర ఊరాయన ఒకరు మస్కట్‌లో పనిచేసేవారు. పెద్దకూతురి పెళ్లికి ఆయనకి సెలవు దొరకలేదు. పెళ్లైన నాలుగో రోజున వాళ్ల ఊరి మనిషొకరు మస్కట్ వెళ్తున్నారు, ఆయన చేతికి సీడీలు ఇవ్వాలి. తప్పకుండా ఇస్తామని మావయ్య మాటిచ్చేడు. రెండరింగ్ తొంభై శాతం దాటేక కరెంటు పోయింది, మళ్లీ పెట్టేం, మళ్లీ పోయింది. ఆ మనిషి వట్టి చేతుల్తో విమానం ఎక్కేరు. ఆ శుక్రవారం మస్కట్ నుంచి స్టూడియోకి ఫోనొచ్చింది. నేనే ఎత్తేను. తనతో గదిలో ఉంటున్న ఎనిమిది మందినీ పెళ్లి చూద్దురుగాని రమ్మని పిలుచుకుని, ప్లేయరు ఎరువు తెచ్చుకుని, సేమ్యా పాయసం కూడా కాసేరట ఆయన. తిట్టినా బావుండేది. "ఫర్లేదండీ, మళ్లీ ఎవరైనా వచ్చేటప్పుడు పంపండి" అన్నారు అంతే. ఆ మళ్లీ రావడానికి నాలుగు నెలలు పట్టింది.

ఏడాదిన్నర తిరిగేసరికి ఆయనే మళ్లీ ఫోన్ చేసేరు. రెండో అమ్మాయి పెళ్లి కుదిరిందట, ఈసారీ సెలవు లేదట, ఈసారీ పెళ్లైన నాలుగో రోజునే అదే మనిషి బయల్దేరుతున్నారట. "మీరే తియ్యాలండి. మా పెద్దదాని పెళ్లి ఇప్పటికీ నెలకోసారి వేసుకుని చూస్తానండి" అన్నారు. మావయ్య ఆయ్, ఆయ్ అంటూ ఫోన్ పెట్టేసి, అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, "కొత్త మిషను కొనాల్సిందే" అన్నాడు.

అక్కడ మొదలైంది రగడ. మావయ్య హైదరాబాద్ వెళ్లి ఒక రంగుల కాగితం తెచ్చుకున్నాడు. అందులో వర్క్‌స్టేషన్ బొమ్మ ఉంది. పెద్దపెద్ద సినిమా ఆఫీసుల్లో వాడే మిషనట, లోపల ఒకటి కాదు రెండు ప్రాసెసర్లట. ఆ కాగితం మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, గెడ్డం గీసే ఆయన దగ్గర్నుంచి కొబ్బరి వర్తకుడి దాకా అందరికీ విప్పి చూపించేడు. "రెండింజన్ల పంటు పడవ లాంటిదండీ! గోదాట్లో ఒకటి ఆగినా రెండోది లాక్కుపోద్ది" అనేవాడు. నేనేమో ఒకే ప్రాసెసరుండే మామూలు పీ-ఫోర్ డెస్క్‌టాప్ చాలన్నాను. మనం వాడే మిక్సింగ్ సాఫ్ట్‌వేరుకి రెండు ప్రాసెసర్లని ఒకేసారి వాడుకోవడం తెలీదు, ఒకటి పనిచేస్తుంటే రెండోది పక్కన కూర్చుని చూస్తుంది అని చెప్పేను. "నీ బీఎస్సీ నీ దగ్గరే ఉంచుకోవే కోడలా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. అన్నాల దగ్గర కూడా ఇదే గోల. పులుసు వడ్డిస్తూ అత్తయ్య ఎవరి వైపూ మాట్లాడేది కాదు. పదో రోజున మాత్రం, "ఇద్దరూ ఇలా నోటితో ఎన్నాళ్లు పందెం వేస్తారు? మిషన్లతోనే వేయించొచ్చుగా" అంది.

రాజమండ్రిలో ఒక షాపులో రెండు రకాలూ ఉన్నాయని తెలిసి ముగ్గురం పొద్దున్నే బస్సెక్కేం. మా పాత హార్డ్‌డిస్కుని అత్తయ్య మెత్తటి తువ్వాల్లో చుట్టి, పులిహోర డబ్బా పక్కన సంచీలో పెట్టింది. రావులపాలెం దగ్గర బస్సు గోతిలో పడ్డప్పుడల్లా ఆ సంచీని పసిపిల్లలా గుండెలకి ఎత్తుకునేది. షాపు యజమాని మంచాయన. మేం అడిగింది విని మొదట నవ్వేరు గానీ, తర్వాత ఆయనకే సరదా పుట్టింది. రెండు మిషన్లూ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టించి, ఒకే పెళ్లిలోంచి ఒకే పది నిమిషాల ముక్క రెండిట్లోకీ ఎక్కించేరు. ఒకదాని మౌసు మీద మావయ్య చెయ్యి, రెండోదాని మీద నా చెయ్యి. "ఒకటీ, రెండూ, మూడూ!" అన్నారాయన. ఇద్దరం ఒకేసారి నొక్కేం.

నా ఒళ్లంతా చెమట. తెరమీద పట్టీలు జరుగుతున్నాయి, ఇరవై శాతం, ముప్ఫై శాతం. పక్క షాపుల వాళ్లు కూడా వచ్చి మా వెనకాల మూగేరు. ప్రింటరు కొనడానికి వచ్చిన లెక్చరర్ గారొకరు బేరం మానేసి, పెద్దదే నెగ్గుతుందని పందెం కాసేరు. యాభై దగ్గర రెండూ సమానం. డెబ్భై దగ్గర మావయ్యది కాస్త ముందు. "చూసేవా! పంటు బయల్దేరింది!" అని ఆయన గంతేశాడు. ఎనభై అయిదు దగ్గర నాది అందుకుంది. ఆఖరికి మామూలు డెస్క్‌టాపే రెప్పపాటు ముందు వంద కొట్టింది. షాపంతా ఈలలు. నేను ఎగిరి గంతేసి అత్తయ్యని కావలించుకున్నాను. లెక్చరర్ గారు అందరికీ టీ తెప్పించేరు. మావయ్య మొహం చూస్తే మాత్రం నాకు గెలిచిన ఆనందం సగం పోయింది. జేబులో కాగితం తీసి, అందులో ఎక్కడైనా అబద్ధం రాసి ఉందేమోనని చూస్తున్నాడు.

అప్పుడు అత్తయ్య, "ఒక్కసారి నన్ను కూర్చోనిస్తారా?" అంది. అంతమందిలో ఆవిడ నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. కొంగు దోపుకుని మామూలు మిషను ముందు కూర్చుంది. రెండరింగ్ మళ్లీ పెట్టమని, అది జరుగుతుండగానే ఇంకో ముక్క తెరిచి కొయ్యబోయింది. మౌసు బంకలో చిక్కుకున్నట్టు నిలిచిపోయింది, బొమ్మ కదల్లేదు. లేచి పెద్దదాని దగ్గర కూర్చుని అదే పని చేసింది. వెనకాల రెండరింగ్ దానిపాటికది జరిగిపోతోంది, ముందు ఆవిడ హాయిగా కోసుకుపోతోంది. రెండో ప్రాసెసరు అప్పటిదాకా ఖాళీగా ఎందుకు కూర్చుందో షాపులో అందరికీ ఒకేసారి అర్థమైంది. మావయ్య, "ఇప్పుడేమంటావే!" అని కేకేశాడు. నేను వేగం కొలిచేను గానీ, మేం ఎలా పనిచేస్తామో ఆలోచించలేదు.

అయితే అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. యజమాని వైపు తిరిగి, "ఈ పెద్దదాని ధరకి ఆ మామూలువి ఎన్నొస్తాయండీ?" అని అడిగింది. "రెండొస్తాయండీ, మంచి యూపీఎస్ కూడా వస్తుందండి" అన్నారాయన. అత్తయ్య మావయ్యని చూసి చాలా మెల్లిగా అంది. "ఏవండీ, పెద్దది ఒకటి కొంటే దాని ముందు మీరు కూర్చుంటారు. రెండు కొంటే నేనూ కూర్చుంటాను, కోడలూ కూర్చుంటుంది."

మావయ్య ఆ పెద్ద మిషను నెత్తి మీద ఒకసారి చెయ్యేసి రాసేడు, అమ్మేసిన దూడని నిమిరినట్టు. తర్వాత అత్తయ్య కూర్చున్న కుర్చీని, ఆవిడ చేతిలో ఉన్న మౌసుని చూసేడు. ఇన్నాళ్లూ ఆవిణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టిన సంగతి అప్పుడే ఆయనకి తట్టిందనుకుంటాను. షాపాయనతో, "ఆయ్, రెండు కట్టించండి" అన్నాడు. కొబ్బరిబొండం ఆశ ఆ పూటతో ఆఖరని ఆయనకి తెలుసు.

రెండో అమ్మాయి పెళ్లి మాఘమాసంలో జరిగింది. డిస్కులు సొరుగులా లాగి, ఒక మిషనులోంచి ఇంకో మిషనులోకి తోసుకునేలా పెట్టించుకున్నాం. అత్తయ్య ఒక భాగం కోసి డిస్కు నాకిచ్చేది, అది నా మిషనులో రెండరింగ్ అవుతుంటే ఆవిడ ఇంకో భాగం మీద పడేది. స్టూలు మావయ్యకి దక్కింది. కుదురుగా ఉండలేక రెండు తెరల మధ్యా తిరుగుతూ, "నలభై! అరవై! అమ్మో, డెబ్భై అయిదు!" అని అరుస్తుండేవాడు. మిషను కోసం ఎదురుచూడక్కర్లేదు గనక అత్తయ్యకి టేపులన్నీ రెండేసిసార్లు చూసే తీరిక దొరికింది. అప్పగింతల దగ్గర ఒక్క చోట అత్తయ్యకీ మావయ్యకీ మాటా మాటా వచ్చింది. తండ్రి మస్కట్‌లో ఉన్నారు గనక పెళ్లికూతురి బాబాయి గారు చేతులు పట్టి అప్పగిస్తున్నారు. ఆ సమయంలో పిల్ల తలెత్తి తిన్నగా కెమెరాలోకి చూసింది. ఏడు సెకన్లు. కెమెరాలోకి చూసిందంటే మావయ్య దృష్టిలో అది పాడైన షాటు. "కోసెయ్యి" అన్నాడు. "ఉండనివ్వండి" అంది అత్తయ్య. మౌసు ఆవిడ చేతిలో ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి సీడీ రాస్తుండగా కరెంటు పోయింది. కొత్త యూపీఎస్ కీచుమంటూ నిలబెట్టింది గానీ, మేం బస్టాండుకి పరిగెత్తేసరికి మస్కట్ మనిషి ఎక్కిన బస్సు వెళ్లిపోయింది. మావయ్య స్కూటర్ తిప్పేడు. వెనకాల నేను, నా ఒళ్లో ఇంకా వెచ్చగా ఉన్న సీడీలు. కాలవ గట్టు రోడ్డు మీద ఆ స్కూటర్ అంత వేగం పోవడం దానికే కొత్త. ఎదురొచ్చే కొబ్బరి లారీలకి దారిచ్చుకుంటూ, హారన్ కొట్టుకుంటూ, "పట్టేస్తాం కోడలా, పట్టేస్తాం!" అని మావయ్య పాటలా పాడుతున్నాడు. కొత్తపేటలో జనాన్ని ఎక్కించుకోవడానికి ఆగిన బస్సుకి అడ్డంగా స్కూటర్ పెట్టేశాడు. డ్రైవరు తిట్టబోయేలోగా నేను కిటికీలోంచి పొట్లం అందించేను. లోపలాయన దాన్ని రెండు చేతుల్తో అందుకుని, "పెళ్లివేనాండీ? ఈసారి నన్ను బతికించేరండీ" అన్నారు. బస్సు కదిలేక మావయ్య రోడ్డు పక్కన నిలబడి, చొక్కాతో మొహం తుడుచుకుంటూ పిచ్చివాడిలా నవ్వేడు. నేనూ నవ్వేను. ఎందుకో ఇద్దరికీ తెలీదు.

శుక్రవారం ఫోనొచ్చింది. ఈసారి అత్తయ్య ఎత్తింది. అవతల ఆయన ముందు సీడీలు అందేయని చెప్పేరట. తర్వాత, "అప్పగింతల్లో మా అమ్మాయి చూసిందండీ. ఆ చూపు నాకేనండి. పెళ్లికి ముందు ఫోన్లో చెప్పింది, నాన్నా, నువ్వు లేకపోయినా కెమెరాలోకి చూస్తాను, అదే నువ్వనుకుంటాను అని. మీరు తీసేస్తారేమోనని భయపడ్డానండి" అన్నారట. అత్తయ్య ఫోన్ పెట్టేసి ఆ మాటలు మాకు చెప్పింది. మావయ్య వెళ్లి తన కెమెరా లెన్సుని చొక్కా అంచుతో చాలాసేపు తుడిచేడు.

ఆ రెండు మిషన్లూ మూడేళ్లకే పాతబడిపోయాయి. వాటికంటే వేగమైనవి ఎన్నో వచ్చాయి, పోయాయి. నా చేతిలోనే ఎన్ని మారేయో లెక్కలేదు. ఏ పెళ్లి ఎన్ని గంటల్లో పూర్తి చేశామో ఇప్పుడు అడిగితే చెప్పలేను గానీ, ఆ పిల్ల చూసిన ఏడు సెకన్లు మాత్రం ఇన్నేళ్లయినా నాకింకా పూర్తి కాలేదు.