ముఫ్త్ కాదు, ఆజాద్

"ముఫ్త్‌ల దొరికేదానికి నీకు పైసలెందుకియ్యాలమ్మా?" బట్టల వ్యాపారి రామలింగం జహీరాను మొహంమీదే అడిగాడు. అతని దుకాణం కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించడానికి ఆమెకు ఒక పూట పట్టింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే, తన పని మాత్రం ఉచితం కాదు అని జహీరా కళ్లజోడు తుడుచుకుంటూ చెప్పింది. పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం పైగదిలో ఆమె ప్రతి ఆదివారం లినక్స్ వాడేవాళ్లను కూర్చోబెడుతుంది. ఎవరైనా వాడుకుని, మార్చుకోగల ఆ సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ మీద ఉపన్యాసాలు ఆమెకు రావు. బల్ల తుడుస్తుంది, పెన్‌డ్రైవ్‌లు వరసగా పేరుస్తుంది, మూలపడ్డ కంప్యూటర్లను నడిపిస్తుంది. పదిమందైనా చేరి తలా కొంత ఇస్తేనే గది అద్దె పోగవుతుంది, వచ్చేది నలుగురు. చిక్కంతా "ముఫ్త్" అన్న మాటతోనే అనుకుని, మెట్ల దగ్గర అంటించిన ప్రకటన కాగితంమీద దాన్ని కొట్టేసి "ఆజాద్ సాఫ్ట్‌వేర్" అని రాసింది. స్వేచ్ఛ అని జనం గ్రహిస్తారనుకుంది. మరుసటి ఆదివారం పన్నెండు మంది వచ్చారు. ముందు నిలబడ్డ ముత్యాల దుకాణం శ్రవణ్‌కుమార్ గదంతా కలయజూశాడు.

"ఆపా, ఆజాద్ భాయ్ ఏడున్నడు? కంప్యూటర్లు మస్తు బాగు చేస్తడంట గదా!"

జహీరా స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుంది.

"నేనే. కూసో."

ఆ పన్నెండుమందిలో పదకొండుమంది మళ్లీ వచ్చారు, గది నిలిచింది. రామలింగం ఇవ్వాల్సిన మూడువందలు మాత్రం ఇంకా రాలేదు.