చార్టు మీద తువ్వాల

నిన్న మనవరాలి సైన్సు పుస్తకం తెరవగానే మైదా జిగురు వాసన గుప్పుమంది. గర్భం గురించిన రెండు పేజీలను బడిలో ఎవరో అతికించేశారట. పుస్తకం అచ్చువేసింది ప్రభుత్వమే. ఆ అతికిన పేజీలు చూడగానే నాకు సుశీలమ్మక్క గుర్తొచ్చింది.

డెబ్బైల చివర్లో, పినపాక అవతల అడవి అంచున ఉన్న ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా నాది తొలి ఉద్యోగం. అక్క మా సూపర్‌వైజరు. బొగ్గుబావి కార్మికుడి కూతురు. ఏదైనా నెమ్మదిగానే అడిగేది, జవాబు వచ్చేదాకా మాత్రం వదిలేది కాదు. కడుపులో బిడ్డ ఏయే తీరుగా ఉంటుందో, ఎట్లా బయటికొస్తుందో చూపే గుడ్డ చార్టు ఒకటి మా వరండాలో వేలాడేది. జిల్లా ఆఫీసే పంపింది. చుట్టుపక్కల గూడేల్లో కోయవాళ్లకు తెలుగు అంతంత మాత్రం, మాకు కోయ మాటలు నాలుగే వచ్చు. సంతకు వచ్చిన ఆడా మగా ఆగి, బొమ్మ మీద వేలుపెట్టి ఇంట్లో కష్టం చెప్పుకునేవారు.

ఒక సంతరోజు ఎస్సై వచ్చాడు. నలుగురూ తిరిగే చోట్ల అసభ్యమైన బొమ్మలు ఉండకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట.

"గిది తీసెయ్యాలె, సిస్టరమ్మా. మగోళ్లు గూడ చూస్తున్నరు."

అక్క రోడ్డవతలి గోడ చూపింది. అక్కడ తడిచీరలో హీరోయిన్ ఉన్న సినిమా పోస్టరు.

"మరి గదేంది సారూ?"

"దానికి సెన్సారోళ్ల సర్టిఫికెట్ ఉంది."

"దీన్ని సర్కారే పంపింది గదా. దీనికి సర్టిఫికెట్ ఎవరిస్తరో చెప్పుండ్రి, పోయి తెచ్చుకుంట."

వెటకారం కాదు, ఆమె నిజంగానే తెలుసుకోవాలనుకుంది. ఎస్సై తల గోక్కున్నాడు.

"పోనీ, తీసెయ్యమని రాసియ్యుండ్రి సారూ."

ఆయన రాయలేదు. చివరికి చార్టు మీద తువ్వాల కప్పాలని, ఆడవాళ్లకు మాత్రమే ఎత్తి చూపాలని ఒప్పందం కుదిరింది. అక్క అంత తేలిగ్గా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. హీరోయిన్ మాత్రం ఎదురుగా అట్లాగే తడుస్తూ ఉంది.

రెండు వారాల తర్వాత ఒక కోయ ముసలాయన పొద్దున్నుంచీ ఆ పోస్టరు కింద నిలబడి మావైపే చూస్తున్నాడు. బస్సు కోసమనుకున్నాం. మధ్యాహ్నం వరండాలో ఆడవాళ్లంతా వెళ్లిపోయాక వచ్చాడు. తలవంచుకొని తువ్వాల ఎత్తి, చెయ్యి ముందుగా బయటికొచ్చిన బిడ్డ బొమ్మ మీద వేలుపెట్టాడు. తర్వాత అడవి వైపు చూపాడు. ఆ కష్టంలో ఉన్నది ఆయన కోడలు.

జీపు ఇచ్చింది ఆ ఎస్సైయే. అడగ్గానే ఇచ్చాడు, చెడ్డవాడేం కాదు. భద్రాచలం దవాఖానాలో తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు అక్క తువ్వాల తీసి, మడిచి, ఎస్సై చేతిలో పెట్టింది.

"పొద్దటి సంది నిలబడ్డడు సారూ. గీ గుడ్డ లేకుంటే పొద్దుగాలనే లోపలికి వస్తుండె గదా?"

ఆ మాట అక్క తనను కూడా అడుగుతోందని నాకు తెలిసింది. గుడ్డ కప్పడానికి ఒప్పుకున్నది తనే కదా. అప్పుడు ఆమె మీద నాకున్న కోపమంతా పోయి జాలి మిగిలింది. ఆ చార్టును మళ్లీ ఎవరూ కప్పలేదు.

ఎక్కడ దేన్ని దాచమన్నా, దానివల్ల బయట నిలబడిపోయేది ఎవరని వెతకడం నాకు అప్పటినుంచే అలవాటు. నిన్న తడి దూదితో అద్ది ఆ పేజీలు మెల్లగా విడదీశాను.

"అమ్మమ్మా, టీచర్ చూస్తే?" అంది మనవరాలు భయంగా.

"మళ్ల అతికియ్యమంటే, రాసియ్యమను" అన్నాను.