పాతపేరుతో పెరిగిన కణాలు

పరిశోధనశాలలో ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఉద్యోగం సీనియర్ రీసెర్చ్ అసిస్టెంట్. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని కణాలను బతికించి ఉంచడం. ఒక రోగి కాలేయపు గడ్డ నుంచి ఆ శాల పెద్దసారు స్వయంగా వేరుచేసిన కణాలవి. వేరే ఎక్కడా దొరకవు. ఫ్లాస్కుల్లో, గులాబిరంగు ద్రవంలో, ఓపిగ్గా పెరుగుతాయి. రెండు రోజులకోసారి ద్రవం మార్చాలి. వాటికి ఆదివారం తెలియదు.

"బయల్దేరావా రెండో కాపురానికి?" అని అత్తగారు ఎత్తిపొడిచేది.

"అలిగితే బతిమాలుకోవచ్చు అత్తయ్యా. అవి అలగవు, చచ్చిపోతాయి," అనేది ఆమె చెప్పులేసుకుంటూ.

ఆ కణాల మీద పనిచేసి చాలామంది డాక్టరేట్లు పుచ్చుకుని వెళ్లారు. ఇప్పుడు వంతు ఒక అమ్మాయిది. నోరు మూతపడదు కనుక రేడియో అని పేరు పెట్టారు. ఐదేళ్ల పని, థీసిస్ రాసేసింది. ఆఖరి వ్యాసం పంపితే పత్రికవాళ్లు ఒక్క కాగితం అడిగారు: ఈ కణాలు మీరంటున్న కణాలేనని ధ్రువపత్రం.

"రేపు నా పుట్టుమచ్చలు కూడా అడుగుతారు అక్కా," అని నవ్వింది రేడియో.

పెద్దక్క పరీక్షకు పంపింది. పదో రోజున నివేదిక వచ్చింది. అవి కాలేయపు కణాలు కావు. పక్క గదివాళ్లు పెంచే గర్భాశయపు గడ్డ కణాలు.

ఎవరిదో నివేదిక తనకు వచ్చిందేమోనని సంఖ్య సరిచూసుకుంది. సంఖ్య తనదే. ఏటా కొన్ని కణాలను గడ్డకట్టించి బుల్లి సీసాల్లో దాస్తారు; ఆ పాత వయల్స్‌ను, ఏడాదికొకటి చొప్పున, ద్రవ నైట్రోజన్ ట్యాంకులోంచి తీసి కరిగించింది. ఒక్కొక్కదాంట్లోంచి కాసిని పరీక్షకు పంపింది. ఆరేళ్ల నుంచి అన్నీ తప్పే. అంతకు ముందుది ఒకే ఒక్క వయల్ మిగిలింది. అది మాత్రం నిజం.

రేడియో వచ్చి ఐదేళ్లు. అసలు కణాలను ఆ పిల్ల ఒక్కరోజు కూడా చూడలేదు.

ఆరేళ్ల కిందటి రిజిస్టరు తీసింది. ఆ నెలలో పక్క గదిలో కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ పాడై, రెండు వారాలు వాళ్ల కణాలు కూడా ఇక్కడే, తన బల్ల మీదే పెరిగాయి. ఒక రోజు పేజీలో రెండు రకాల కణాలకూ ఎదురుగా ద్రవం సీసా నంబరు ఒకటే ఉంది. చేతిరాత తనది. ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో పడటానికి ఒక్క చుక్క చాలు. తొందరగా పెరిగేవి నెమ్మదిగా పెరిగేవాటిని తోసేస్తాయి. తర్వాత ఫ్లాస్కు మీద పేరొక్కటే మిగులుతుంది.

ఆ రోజును గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఏమీ గుర్తుకు రాలేదు. మామూలు రోజై ఉంటుంది.

ఆమె తెచ్చి చూపిన రిజిస్టరు చదివి పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరేళ్లుగా అచ్చయిన పేపర్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఉత్తరాలు నేను రాస్తాను," అన్నాడు. "ఆ అమ్మాయికి నువ్వు చెప్పమ్మా. నావల్ల కాదు."

రేడియో సింకు దగ్గర గ్లాసు సామాను కడుగుతోంది. పెద్దక్క కుళాయి కట్టేసి చెప్పింది.

"ఐదేళ్లూనా?"

"ఐదేళ్లూ."

"ఎవరు చేశారక్కా?"

"నేనే."

రేడియో చేతులు తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"నేను చేరిన రోజు మీరేమన్నారో తెలుసా? ఒక సీసా రెండు రకాలకి వాడితే చెయ్యి విరగ్గొడతానన్నారు."

"అన్నాను. నన్ను తిట్టవే."

"తిట్టాలనే ఉంది. మాటలు రావట్లేదు."

ఫెలోషిప్ గడువు ఇంకా నాలుగు నెలలుంది. అసలు కణాల మీద ముఖ్యమైన రెండు ప్రయోగాలు మళ్లీ చేసి చూపిస్తే కమిటీని ఒప్పిస్తానన్నాడు పెద్దసారు. ఉన్నది కరిగించిన ఆ ఒక్క వయల్. దాంట్లోవి నెలాఖరుకి రెండు ఫ్లాస్కులు నిండాలి.

రోజూ పొద్దున్నే ఇద్దరూ మైక్రోస్కోపు దగ్గర కలిసేవారు. ఆరో రోజుకు కొన్ని కణాలు అడుగున అతుక్కున్నాయి. తొమ్మిదో రోజుకు చిన్న చిన్న దీవుల్లా కనిపించాయి. రేడియోకి కాస్త మాట వచ్చింది. "బద్ధకస్తులు. నాకు తగ్గవాళ్లే," అంది.

పన్నెండో రోజున ఎదుగుదల ఆగింది. పెద్దక్క ద్రవంలో కలిపే సీరం మార్చింది. చిన్న ఫ్లాస్కులోకి దించింది. పద్దెనిమిదేళ్లలో చేతికి తెలిసినవన్నీ చేసింది. ఇంక చేయడానికేమీ లేదని తెలిశాక కూడా, రోజుకు నాలుగుసార్లు ఇంక్యుబేటర్ తలుపు తీసి చూసి, వెచ్చదనం పోతుందని తనను తానే తిట్టుకుని మూసేది. ఇంట్లో కంచం ముందు కూర్చుని ఉండిపోతే అత్తగారు, "ఎవరికేమైందే?" అని అడిగింది.

పదిహేడో రోజున చాలా కణాలు చచ్చి పైకి తేలాయి.

"మీరు చూడండక్కా. నేను చూడను," అంది రేడియో, గోడవైపు తిరిగి.

పెద్దక్క మైక్రోస్కోపు కింద ఫ్లాస్కును కొద్దికొద్దిగా జరుపుతూ వెతికింది. మెడ నొప్పెట్టేదాకా వెతికింది.

"పదకొండు అతుక్కుని ఉన్నాయి."

"పదకొండుతో ఏమవుతుంది?"

"నీ గడువులోగా ఏమీ కాదు."

రేడియో తల ఊపింది. ఐదేళ్ల నోటుపుస్తకాలున్న అల్మారా వైపు చూసింది కానీ అటు వెళ్లలేదు.

పెద్దక్క ద్రవం సగమే తీసి సగం కొత్తది పోసింది. అంతా తీస్తే ఆ పదకొండూ కొట్టుకుపోతాయి. రెండు చేతులతో ఫ్లాస్కు పట్టుకుని ఇంక్యుబేటర్ ముందు నిలబడింది.

"తలుపు తియ్యవే," అంది.

రేడియో వచ్చి తీసింది.