పైవాడి కళ్ళు తిరగలేదు

సైట్‌లో ఆయన్ని అందరూ పైవాడు అనేవారు. టవర్ క్రేన్ నడిపే మనిషికి అంతకంటే తగిన పేరు దొరకదు. పైవాడి దయ ఉంటే సాయంత్రానికి స్లాబ్ పడిపోతుందని మేస్త్రీలు నవ్వుకుంటుంటే ఆయన మీసాల చాటున మురిసిపోయేవాడు. మురిసిపోవడానికి కారణాలు లేకపోలేదు. నది మీది వంతెనకు దూలాలు మోసింది ఆయనే. పెద్దాసుపత్రి నెత్తిన నీళ్ళ ట్యాంకు కూర్చోబెట్టిందీ ఆయనే. స్టేడియానికి గాజు పలకలన్నీ గీత పడకుండా ఎక్కిస్తే, యజమాని కింద నిలబడి ఆయన దిగేదాకా ఆగి మరీ చేయి కలిపాడు. చదివింది పల్లెటూరి బడిలో అయిదో తరగతి. ఎక్కింది మాత్రం ఊళ్ళో అందరికంటే ఎత్తు.

కాదనేవాడు ఒక్కడే, ఓడరేవులో క్రేన్ నడిపే వియ్యంకుడు. పిల్లనిచ్చిన రోజు నుంచీ ఇద్దరికీ పోటీ. ఎవరి క్యాబిన్ ఎత్తు, ఎవరు ఎంత గాలిలో పని చేశారు అని మొదలై, మనవరాలి పుట్టినరోజు నాడు మాటామాటా పెరిగి పలకరింపులే ఆగిపోయాయి.

ఒక మధ్యాహ్నం పైవాడు ఇనుప చువ్వల కట్టను పైకి లాగుతున్నాడు. ఆకు కదలని ఎండ. ఉన్నట్టుండి కట్ట ఊగింది. దానితో పాటు క్యాబినూ నిదానంగా ఊగింది. క్రేన్ చేతి కొసన కట్టిన గుడ్డపేలిక మాత్రం కదలకుండా వేలాడుతోంది. అంటే గాలి కాదు. భూమి ఊగుతోంది, కట్ట కింద ఎవరూ ఉండొద్దని వాకీటాకీలో చెప్పి, కట్ట ఎటు ఊగితే క్రేన్ చేతిని అటే జరుపుతూ ఊపు చంపి, దాన్ని ఖాళీ జాగాలో దించాడు. కిందివాళ్ళకు చీమ కుట్టినట్టయినా లేదు. గ్లాసులో టీ కూడా తొణకలేదన్నారు.

సేఫ్టీ ఆఫీసరు ఆయన కూతురి ఈడు పిల్ల. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడిగింది.

"కళ్ళు తిరిగాయా బాబాయ్?"

"నా కళ్ళు తిరగలేదమ్మా. భూమి ఊగింది."

కళ్ళు తిరిగే మనిషిని క్రేన్ ఎక్కనివ్వడం కుదరదని ఆమె ఖరాఖండిగా చెప్పేసింది. డాక్టరు చూసి లోపమేమీ కనిపించలేదన్నాడు గాని, మళ్ళీ తిరగవని మాట ఇవ్వలేనన్నాడు. ఆమెకూ మనసొప్పక భూకంప కేంద్రానికి ఫోను చేసింది. ఆ వేళకు నిజంగానే ఒకటి వచ్చిందట, ఎక్కడో దూరపు సముద్రం కింద, ఆరువందల కిలోమీటర్ల లోతున. సముద్రపు అడుగున ఉండే పాత రాతి స్లాబ్ పక్క నేల కిందికి దూరి, అంత లోతుకి దిగిపోయి, అక్కడ విరిగిందట. దూరం వచ్చేసరికి చిన్న కుదుపులు దారిలోనే అణిగిపోయి, మిగిలిన నిదానపు ఊపు నేల మీదివాడికి తెలియదట. ఎత్తైనవాటినే పట్టి ఊపుతుందట. ఆ ఊపు ఈ ఊరిదాకా వచ్చిందన్నారు గాని, మనిషికి తెలిసేంత వచ్చిందో లేదో చెప్పలేమన్నారు.

"స్లాబ్ కిందికి దిగడమేంటమ్మా, నేను పైకెక్కించేవాణ్ణి" అన్నాడు పైవాడు.

ఆ వేడికి, ఆ బరువుకి రాయి పిండిలా సాగాలే తప్ప విరగకూడదనీ, ఎందుకు విరుగుతుందో పెద్ద పెద్దవాళ్ళే ఇంకా తేల్చుకోలేదనీ ఆమె చెప్పింది.

"అయితే వాళ్ళ కళ్ళూ తిరిగినట్టే."

ఆమె నవ్వింది గాని పట్టు వదల్లేదు. అంత ఎత్తున కూర్చున్నవాళ్ళు ఇంకొక్కరు ఊగిందని చెబితే చాలు, ఎక్కిస్తానంది.

ఇంట్లో భార్య ఆ మాట విని, ఓడరేవు అన్నయ్యగార్ని అడగమంది. వాణ్ణి అడిగే కంటే నేల మీదే బతుకుతానన్నాడు.

"మీరు నేల మీద ఉండే మనిషా? పొద్దస్తమానం నా నెత్తినెక్కి కూర్చుంటారు. వెళ్ళి అడగండి" అందామె.

వెళ్ళాడు. వియ్యంకుడు భోజనానికి దిగి, క్రేన్ నీడలో కూర్చుని ఉన్నాడు. ఈయన నిలబడే అడిగాడు.

"బావగారూ, మొన్న మీకేమైనా ఊగిందా?"

వియ్యంకుడు చుట్టూ చూసి, క్యారేజీ మూత పెట్టి, గొంతు తగ్గించాడు.

"ఊగింది. కంటైనరు కుదురు దొరక్క చాలాసేపు గాల్లోనే వేలాడదీశాను. చెబితే ముసలాడైపోయాడని దించేస్తారని నోరు మూసుకున్నాను."

"నన్ను దించేశారు."

వియ్యంకుడు తలెత్తి చూశాడు. ఆ ముఖంలో ఎగతాళి లేదు.

"చెబితే నన్నూ దించితే?"

"ఒకడు చెబితే కళ్ళు తిరిగినట్టు. ఇద్దరం చెబితే భూకంపం."

వియ్యంకుడు చేయి కడుక్కుని లేచాడు. "వస్తాను. కానీ నా క్రేనే ఎక్కువ ఊగిందని మీరు ఒప్పుకోవాలి."

పైవాడు తలెత్తి వియ్యంకుడి క్రేన్ వైపు చూశాడు. విరగకూడని చోట ఏదో పుటుక్కుమంది.

"ఒప్పుకున్నాను."

మర్నాడు వియ్యంకుడు సేఫ్టీ ఆఫీసరు ఎదుట చేయి అటూ ఇటూ ఊపి చూపిస్తూ అంతా చెప్పాడు. ఆమె రెండు వైపులా వేళలు సరిచూసుకుని, ఓడరేవు వాళ్ళకూ తనే ఫోను చేసి సంగతి వివరించి, పైవాడికి క్రేన్ తాళం ఇచ్చేసింది. వియ్యంకుడు కింద నిలబడి చూస్తుండగానే ఆయన నిచ్చెన ఎక్కాడు. క్యాబిన్ తలుపు మూసి, గుడ్డపేలిక వైపు ఒకసారి చూసి, అందరికీ వినిపించేలా వాకీటాకీ అందుకున్నాడు.

"బావగారికి చెప్పండి. ఆయనదే ఎక్కువ ఊగిందని నేల మీద ఒప్పుకున్నాను. ఇక్కడ ఒప్పుకోలేదు. ఊఁ, చువ్వలు కట్టండి."