బరాత్‌లో దూకిన కారు

బాన్సువాడలో రెండేళ్ల క్రితం నా పెళ్లి బరాత్. కారుకు పవర్ పెరగాలని మా ఆయన అంతకు ముందే ఇంజన్ కంప్యూటర్ మార్పించాడు. ఇంకెవరికీ ఇవ్వనని, పెళ్లికొడుకై ఉండీ తనే నడిపాడు. బ్యాండు వెనక మెల్లగా కదలాల్సిన కారు తొక్కితే దూకుతోంది, వదిలితే ఆగిపోతోంది.

"ఇగ సూడు, పికప్ ఎట్లుంటదో!" అని మళ్లీ తొక్కాడు.

కారు దూకి పెద్ద డ్రమ్మును చీల్చేసింది. వాయించేవాడు పక్కకు గెంతాడు కాబట్టి బతికాడు. పక్క సీట్లో నేను డ్యాష్‌బోర్డు గట్టిగా పట్టుకున్నాను.

"అన్నా, నీకు దండం పెడ్త, ఇంజన్ బంద్ చెయ్యి. మేమే నూకుతం" అన్నాడతను.

బ్యాండువాళ్లే అత్తవారింటి దాకా నెట్టారు. అత్తమ్మ హారతితో ఎదురొచ్చింది. ఈ మహానుభావుడు మాత్రం దిగేముందు ఇంజన్ స్టార్ట్ చేసి, వీధంతా వినపడేలా రయ్యిమనిపించి, మెచ్చుకుంటానేమోనని నా వైపు చూశాడు.

ఇప్పటికీ చూస్తూనే ఉన్నాడు.